ఓడ పద్యం: సటీక, సతాత్పర్యం

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్ర గ్రంథంలోనూ దొరకలేదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందన్న ముద్రతో దొరికింది. కవి పేరు తెలియదు. కాలం మాత్రం కొంత ఊహించవచ్చు. మధ్యధరా సముద్రపు ఓడల మీద పద్యం చెప్పేవాడు వెనిస్‌ను మామూలుగా వదిలిపెట్టడు. ఈయన వదిలిపెట్టాడు. 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడలు వెనిస్ నడిబొడ్డున జ్యుదెక్కా కాలువలోకి రాకూడదని ఇటలీ ప్రభుత్వం కట్టడి చేసింది కనుక, కవి ఆ తర్వాతివాడని మా నిర్ణయం. ఆయన ఎక్కింది పడమటి వైపు తిరిగే ఓడ, అది వెనిస్ ఛాయలకే పోదు కదా అని ప్రతివాదులు అంటారు. నిజమే. అయినా కవికాలం తేల్చకుండా టీక మొదలుపెట్టే ఆచారం మనకు లేదు.

మెతుకుసీమ వాడని చెప్పుకునే కొలచెలమ మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయన వ్యాఖ్యానించిన కవులు అలాంటివారు. ఇక్కడ మూలంలో ఉన్నదానికంటే లేనిదే యాత్రికుడికి ఎక్కువ అవసరం కనుక, ఆ ప్రతిజ్ఞ మేము చేయడం లేదు.

మూలం

ఆ.వె.
రాత్రులేడు గలవు, రాజధానులు నాల్గు
చూచి రాగవచ్చు సుఖముగాను
వైను పారుచుండు వానకాల్వవలెను
అన్ని కలిపె సుమ్ము హాయి హాయి

ప్రతిపదార్థం

రాత్రులు + ఏడు + కలవు = ఏడు రాత్రులున్నాయి (పగళ్ళ లెక్క కవి చెప్పలేదు); రాజధానులు + నాల్గు = బార్సిలోనా, ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్ అనే నాలుగు నగరాలను; సుఖముగాను = ఒళ్ళు అలవకుండా; చూచి = చూసి; రాగవచ్చు = తిరిగి రావచ్చు (రాకపోతే ఓడ ఆగదు); వైను = ద్రాక్షరసం పులియబెట్టినది; వానకాల్వవలెను = వానాకాలపు కాలువలాగా; పారుచుండు = పారుతూ ఉంటుంది; అన్ని కలిపె = టికెట్టు ధరలోనే అన్నీ; సుమ్ము = నమ్మవయ్యా అని మెడ మీద కూర్చునే మాట; హాయి హాయి = పాదం నిండడానికి ఒకటి, నిజంగా ఒకటి.

తాత్పర్యం

బార్సిలోనాలో ఓడ ఎక్కి వారంలో మళ్ళీ అక్కడే దిగితే నాలుగు మహానగరాలు చూడవచ్చు, తాగినంత వైను, విడిగా పైసా ఖర్చు ఉండదు అని కవి హృదయం. మార్సెయ్ రేవు కూడా దారిలో తగులుతుంది గాని గణాల్లో ఇమడక కవి వదిలేసినట్టున్నాడు.

విశేషాలు

"రాత్రులేడు": ఓడవాళ్ళు కాలాన్ని రాత్రుల్లో లెక్కపెడతారు. మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కించుకుంటారు, చివరి రోజు పొద్దున తొమ్మిదికల్లా దింపేస్తారు. కనుక ఏడు రాత్రులంటే నికరంగా ఆరు పగళ్ళు. అందులో ఒకటి నీళ్ళ మీదే గడిచిపోవచ్చు. బార్సిలోనాకు విమానంలో ఓడ బయలుదేరే రోజునే దిగుదామనుకునేవారికి ఒక మాట: ముందు రోజే దిగండి. దోహాలోనో దుబాయిలోనో ఒక విమానం తప్పితే మీ ఏడు రాత్రులూ మీరు లేకుండానే సాగిపోతాయి.

"రాజధానులు": శంక. రోమ్ ఒక్కటే కదా రాజధాని, నాలుగెలా అయ్యాయి? సమాధానం. ఫ్లోరెన్స్ 1865 నుంచి 1871 దాకా ఇటలీ రాజధాని. నేపుల్స్ శతాబ్దాల పాటు ఒక రాజ్యానికి రాజధాని. బార్సిలోనా ఈనాటికీ కతలోనియాకు ముఖ్యపట్టణం. కనుక దోషం లేదు. కవికి ఇదంతా తెలుసా, యతి కోసం వేశాడా అన్నది అడగకూడదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. లక్షణకు మన ఆలంకారికులు ఇచ్చే ఉదాహరణ విద్యార్థులందరికీ తెలుసు: గంగలో గొల్లపల్లె ఉంది. నీళ్ళలో పల్లె ఉండదు కనుక ముఖ్యార్థం పొసగదు. గంగ అంటే గంగ ఒడ్డు అని చెప్పుకోవాలి. ఓడ కంపెనీ కరపత్రంలో 'రోమ్' అన్నది సరిగ్గా ఈ కోవలోదే. అంత ఓడ రోమ్ నగరంలోకి రాదు. అది ఆగేది చివితావెక్యాలో, ట్రాజన్ చక్రవర్తి కట్టించిన పాత రేవులో. అక్కడి నుంచి రోమ్ సుమారు 70 కిలోమీటర్లు, రైల్లో ఇంచుమించు గంట. 'ఫ్లోరెన్స్' అంటే లివోర్నో రేవు. అక్కడి నుంచి సుమారు 90 కిలోమీటర్లు.

గంగకూ ఒడ్డుకూ సంబంధం సామీప్యం. ఆ సామీప్యం ఎంతవరకు సాగుతుందన్నది శాస్త్రకారులు చెప్పలేదు. ఓడ కంపెనీలు చెప్పాయి. ఉత్తర ఐరోపా యాత్రల్లో 'బెర్లిన్' అని రాసి బాల్టిక్ ఒడ్డున వార్నెముండేలో దింపుతారు. 'పారిస్' అంటే ల ఆవ్ర్ రేవు, దాదాపు 200 కిలోమీటర్ల దూరం. హైదరాబాద్ అని చెప్పి ఖమ్మంలో దింపినట్టు. అది లక్షణ కాదు, అతిశయోక్తి.

నేపుల్స్, బార్సిలోనాలకు మాత్రం ముఖ్యార్థమే చెల్లుతుంది. నేపుల్స్‌లో ఓడ దిగి రోడ్డు దాటితే ఎదురుగా కోట. ఊరు అక్కడే మొదలవుతుంది. పాంపేయి చూడాలనుకున్నా గారిబాల్ది స్టేషన్ నుంచి లోకల్ రైల్లో ముప్పావు గంట లోపే. కనుక కరపత్రం చదివేటప్పుడు ఊరి పేరు చూడకండి, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న రేవు పేరు చూడండి.

"చూచి రాగవచ్చు": పద్యానికి గుండెకాయ ఇదే. లివోర్నోలో ఓడ ఉదయం ఎనిమిదికి కట్టి సాయంత్రం ఆరున్నరకు విప్పుతుందనుకుందాం. అందరూ ఆరుకల్లా లోపలుండాలి. సరుకు రేవులో కాలినడక కుదరదు, ఊళ్ళోకి షటిల్ బస్సు ఎక్కాలి. తర్వాత ఫ్లోరెన్స్‌కు రైలో బస్సో, పోనూ రానూ మూడు గంటలు. ఆలస్యమవుతుందన్న భయానికి ఇంకో గంట. షటిల్ వేళ కూడా తీసేస్తే మిగిలేది అయిదు గంటలు. అందులో ఉఫీజీ చిత్రశాల ముందు వరుస, దుయోమో ముందు వరుస, భోజనం, ఫోటోలు. పైగా ఉఫీజీకి సోమవారం సెలవు, వాటికన్ మ్యూజియాలకు నెలలో చివరిది తప్ప అన్ని ఆదివారాలూ సెలవు. ఓడ ఏ వారం ఏ ఊళ్ళో ఆగుతుందో టికెట్టు కొనేముందే పంచాంగం చూసినట్టు చూసుకోవాలి. ఇటలీ రైల్వే సమ్మెలు సాధారణంగా ముందే ప్రకటిస్తారు, అదీ చూసుకోవాలి.

పూర్వపక్షం. ఒక మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది, స్థాలీపులాక న్యాయం ఉండగా నగరాన్ని అయిదు గంటల్లో ఎందుకు తెలుసుకోలేం? సిద్ధాంతం. ఆ న్యాయం అంతటా ఒకేలా ఉడికే కుండకు వర్తిస్తుంది. ఫ్లోరెన్స్‌లో మధ్యాహ్నం పన్నెండుకూ రాత్రి తొమ్మిదికీ పొంతన లేదు. పగలు ఆ ఊళ్ళో ఉండేది మీలాంటివాళ్ళే. సాయంత్రం ఆరు దాటాక ఊరివాళ్ళు గ్లాసు పట్టుకుని అరుగుల దగ్గర చేరతారు, ఏడున్నర తర్వాత గాని రాత్రి భోజనాలు మొదలు కావు. సరిగ్గా ఆ వేళకు మీరు ఓడ పై అంతస్తులో నిలబడి తీరం వెనక్కి పోతుంటే ఫోటో తీస్తుంటారు. కవి ఏడు రాత్రులు లెక్కపెట్టాడు, బాగానే ఉంది. ఆ ఏడూ ఓడవే. నాలుగు రాజధానుల్లో దేనికీ ఒక్క రాత్రి ఇవ్వలేదు.

అందువల్ల వ్యాఖ్యాత మతం ఇది: ఫ్లోరెన్స్ కావాలంటే విమానంలో వెళ్ళి అక్కడే మూడు రాత్రులు పడుకోండి. ఓడ కావాలంటే ఓడే ఎక్కండి, ఓడ ఆగిన ఊరే చూడండి. లివోర్నోలో దిగి లివోర్నోలోనే ఉండిపోయేవాడికి ఏం తక్కువ? పాత కాలువల పేట ఉంది. పందొమ్మిదో శతాబ్దపు పెద్ద మార్కెట్టు ఉంది. మధ్యాహ్నం కచ్చుక్కో తినవచ్చు. టమాటా, వైను పోసి ఉడికించే చేపల పులుసు అది, వెల్లుల్లి రుద్దిన కాల్చిన రొట్టె మీద పోసి పెడతారు. పేరును రోమన్ లిపిలో రాస్తే 'సి' అనే అక్షరం అయిదుసార్లు వస్తుంది గనుక కనీసం అయిదు రకాల చేపలు పడాలని వాళ్ళ పట్టుదల. ఇంకొకటి. ఈ ఊరికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరు లెగ్‌హార్న్. తణుకు, అనపర్తి కోళ్ళఫారాల వాళ్ళకు వేరే పరిచయం అక్కర్లేదు. తెల్ల లెగ్‌హార్న్ కోడి పూర్వీకులు ఈ రేవు నుంచే అమెరికా ఓడలెక్కాయి. మన గుడ్డు పుట్టిల్లు చూసినట్టూ అవుతుంది.

రాగవచ్చు అన్న క్రియలో ఒక షరతు దాగి ఉంది. ఓడవాళ్ళ దగ్గరే కొన్న టూర్‌లో బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్ళి ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. దూరం ఊళ్ళకు ఓడ టూర్, దగ్గర ఊళ్ళకు సొంత కాళ్ళు అన్నది మధ్యేమార్గం. షెంజెన్ వీసా మాటా ఇక్కడే చెప్పాలి. దారిలో ట్యునీషియానో టర్కీయో తగిలితే ఒక ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు, మళ్ళీ లోపలికి రావడానికి కూడా పనికొచ్చేది తీసుకోవాలి.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి మరుసటి ఏడు సెప్టెంబరు దాకా కాశీయాత్ర చేసి, దారిలో మజిలీలు, వసతులు, దొరికే సరుకులు రాసిపెట్టాడు. తెలుగులో యాత్రా సలహాకు పెద్దదిక్కు ఆయన. మన ఓడ కవి 'చూచి రాగవచ్చు' అని చెయ్యి దులుపుకున్నాడు.

"సుఖముగాను": గది ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊపు తక్కువ. ఈతకొలను అంతస్తు కింద గది చవగ్గా వస్తే సంతోషించకండి, తెల్లవారకముందే నెత్తిన కుర్చీలు ఈడుస్తారు. ఎక్కిన రోజు ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించే అభ్యాసం ఉంటుంది, దాన్ని ఎగ్గొట్టి బఫే వరుసలో నిలబడకండి. 2012 జనవరి 13న కోస్తా కాంకోర్డియా ఇదే చివితావెక్యా నుంచి బయలుదేరి, ఆ రాత్రే జిల్యో ద్వీపం దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ రోజు అక్కడ ఎక్కినవాళ్ళకు అభ్యాసం ఇంకా జరగనేలేదు. ఆ తర్వాతే, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో అది జరిగి తీరాలని అంతర్జాతీయ నిబంధన మారింది. ఈ ఒక్కచోట వ్యాఖ్యాత పరిహాసం ఆడడం లేదు.

"వైను పారుచుండు వానకాల్వవలెను": ఉపమాలంకారం. కవికి తెలియకుండానే కుదిరింది. వానకాలువ వానాకాలంలోనే పారుతుంది. ఓడలో వైను కూడా అంతే, డ్రింక్ ప్యాకేజీ కొన్నవాడికే పారుతుంది. చాలా పెద్ద కంపెనీల్లో ఒక గదిలో ఒకరు కొంటే ఆ గదిలోని పెద్దలందరూ కొనాలి. మామగారు తాగరు, మజ్జిగ చాలంటారు, అయినా ఆయనకూ కొనాలి. ఎక్కే రోజున పెద్దలు తలా ఒక సీసా వెంట తెచ్చుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. దాన్ని భోజనశాలలో తెరిస్తే బిరడా రుసుం వేస్తాయి. మధ్య రేవుల్లో కొన్న సీసాలు గేటు దగ్గరే తీసి దాచి, దిగేముందు ఇస్తాయి. ఇంటికి తెచ్చుకునేటప్పుడు మన కస్టమ్స్ సుంకం లేకుండా వదిలేది తలకు రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండైతే లోపల, మూడైతే బయట.

ఆ సీసా ఏదై ఉండాలంటారా? ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ నడుమ కొండల్లో పండే కియాంతి క్లాసికో. 1716లోనే మెదిచీ వంశపు మూడో కోజిమో ఆ వైనుకు ఊళ్ళ ఎల్లలు గీశాడు. సాంజొవేజే ద్రాక్ష నూటికి ఎనభై పాళ్ళకు తగ్గకూడదు. మెడ మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉంటుంది. దానికో కథ చెబుతారు. రెండు నగరాలూ సరిహద్దు తగాదా తెంచుకోవడానికి, కోడికూతకు తలా ఒక రౌతును బయలుదేరదీసి, కలిసినచోట గీత గీద్దామనుకున్నాయట. సియెనా వాళ్ళు తెల్ల పుంజును బాగా మేపారు, అది హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్స్ వాళ్ళు నల్ల పుంజును పస్తు పెట్టారు, అది ఆకలికి తెల్లవారకముందే కూసింది. భూమి ఫ్లోరెన్స్‌కు దక్కింది. కుక్కుటశాస్త్రం తిరగేసే భీమవరం పెద్దలు ఈ ఘట్టాన్ని తప్పక పరిశీలించాలి. ఈ వైను రాత్రి భోజనంతో, మాంసంతో, తీరిగ్గా తాగాల్సింది. మధ్యాహ్నం రెండింటికి, ఒక కన్ను గడియారం మీద పెట్టి తాగితే పుల్లగానే ఉంటుంది. తప్పు ద్రాక్షది కాదు.

"అన్ని కలిపె": గది, మామూలు భోజనం, ఆటపాటలు కలిపే. సిబ్బంది టిప్పు కలపరు. పెద్ద అమెరికన్ కంపెనీల్లో మనిషికి రోజుకు 15 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో తనంతట తానే పడుతుంది. ఇంటర్నెట్, ప్రత్యేక భోజనశాలలు, రేవుల్లో టూర్లు విడి. ఇది వ్యాజస్తుతా అసత్యమా అని పండితుల్లో భిన్నాభిప్రాయాలు. బిల్లు చూసినవాళ్ళలో లేవు.

పాఠాంతరం: నాలుగో పాదానికి "అన్ని కలిపి చూడ హడలు పుట్టు" అని ఒక ప్రతిలో ఉంది. గణాలూ యతీ సరిపోయాయి, అర్థం ఇంకా బాగా సరిపోయింది. అయినా కవి బతికే ఉండి ఉంటాడు కనుక మూలంలోకి ఎక్కించలేదు.

ప్రక్షిప్తం: కొన్ని ప్రతుల్లో పద్యం కింద ఒక వచనం ఉంది: రైస్ కుక్కరు తీసుకెళ్ళకండి, లాక్కుంటారు. ఇది వేరే చేతిది అని కొందరంటారు. శైలి చూస్తే అలాగే ఉంది. విషయం మాత్రం అక్షరసత్యం. నిప్పు భయం వల్ల కుక్కరు, కెటిల్, ఇస్త్రీ పెట్టె మూడూ చాలా ఓడల్లో నిషిద్ధం. సామాను స్కాన్‌లో కనబడితే చీటీ కట్టి పక్కన పెడతారు, దిగే రోజు పొద్దున వరుసలో నిలబడి తెచ్చుకోవాలి. ఇంట్లో పెట్టిన ఆవకాయకూ ఒప్పుకోకపోవచ్చు, దుకాణంలో కొన్న సీలు తీయని ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. శాకాహారమో జైన భోజనమో కావాలంటే టికెట్టు కొన్నప్పుడే రాయించుకోండి, ఎక్కాక వంటవాణ్ణి బతిమాలితే రెండో రోజుకు గాని పప్పు రాదు.