డబ్ల్యూఏ0007కు టీకా తాత్పర్యం

మూలం: ఐఎంజీ-20240811-డబ్ల్యూఏ0007

అవతారిక. శంషాబాద్ విమానాశ్రయంలో టికెట్టు లేనివాడికి గుమ్మం దాటే అర్హత లేదు గనుక, సాగనంపవచ్చిన చుట్టాలంతా బయటే ట్రాలీ చుట్టూ చేరి ఫొటో దిగుతారు. విమానం లేవకముందే అది కుటుంబ గ్రూపుకెక్కుతుంది. ఆ ఊపులో ఎవరో బీరువాలోని పాత ఫొటోలను సెల్‌ఫోనుతో తీసి అదే గ్రూపులో కుమ్మరించి, ‘మన వంశస్మృతుల నిధిని భావితరాలకు భద్రపరిచాము’ అని చాటుతారు. పై మూలం అలా వచ్చిన పాత ఫొటోల్లో ఒకటి. ఆ ‘భద్రపరిచాము’ అనే క్రియాపదంతోనే ఈ వ్యాఖ్యకు పేచీ.

ప్రతిపదార్థం. ఐఎంజీ అనగా బొమ్మ. చూసేవాడికి ఆ సంగతి తెలియదేమోనని శాస్త్రకారుడి భయం కాబోలు. డబ్ల్యూఏ అనగా వాట్సాప్. కన్నవారి పేరు కాదు, మోసుకొచ్చినవాడి పేరు. 0007 ఆనాటి వరుస సంఖ్య. ఇక 20240811, ఫొటో తీసిన తేదీ అని పూర్వపక్షం. కాదు, ఫోనుకు చేరిన తేదీ. సాక్ష్యం బొమ్మలోనే ఉంది: మెడలో పూలదండతో నిలబడ్డ కుర్రవాడి వెనుక కనబడేది బేగంపేట విమానాశ్రయం. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. కనుక ఫైలు పేరు ఎంత తక్కువగా చూసినా 16 ఏళ్ల అబద్ధమాడింది. డిజిటల్ ఫొటోల్లో తీసిన తేదీ లోపలే దాగి ఉంటుంది గానీ, మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని రాల్చేసి బొమ్మనూ కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తుంది. నిధి సంరక్షకులకు ఇదొక్కటే పట్టదు.

విశేషం. ఇక్కడ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరిని తలవక తప్పదు. (తప్పుతుంది, అయినా తలుస్తాం.) ఆయన ఇంటిపేరు కోలాచలం, ఊరు మెదక్ సీమలోని కొల్చారమంటారు. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడికి జీవాతువు రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును లేపుతుందని తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నదీ ఆయనే. ఆ రెండో ఒట్టు ప్రకారం ఈ పేరా ఉండకూడదు. కానీ చెడ్డ వ్యాఖ్యకు పడిపోయినదాన్ని లేపవచ్చు, వ్యాఖ్యే లేనిదాన్ని ఎలా లేపడం? ఈ బొమ్మలో ఎడమ నుంచి మూడో చోట పట్టుచీరలో నిలబడ్డావిడకు అమరకోశంలో అర్థం దొరకదు. ఆరో నిజాం ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ చాలా చిత్రాల అడుగున సంఖ్య, శీర్షిక వేసి పెట్టాడు. మనవాళ్లకు అంత తీరిక లేదు.

ఆక్షేపాలు. ఫోనే మొహాలు గుర్తుపడుతుంది కదా అంటారా? ఒకే మొహాన్ని వంద బొమ్మల్లోంచి పోగుచేస్తుంది. ఆవిడ మేనత్తో పిన్నో ఎవరో ఒకరు చెప్పేదాకా దానికీ తెలియదు. అసలు ఫొటోలు ఆల్బంలో ఉన్నాయిగా అంటారా? జిగురు పేజీ మీద అంటించి పైన ప్లాస్టిక్ కప్పే ఆల్బమైతే, ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు పచ్చబడి ఫొటోను పట్టేస్తుంది, లాగితే చిరుగుతుంది. వెనుక అంచున మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాస్తే చాలు. బాల్‌పెన్ను గాడి ముందువైపు తేలుతుంది. పెన్సిల్ పడని నున్నటి ప్రింట్లయితే కాగితపు కవరు మీద రాయాలి. ఇదంతా ఒక మధ్యాహ్నం పని. ఆ పేర్లన్నీ తెలిసిన ముసలావిడ పక్కగదిలోనే ఉంటుంది. గట్టిగా అడగాలి, రెండుసార్లు అడగాలి. అడగరు. ‘నిధి’ అని రాయడానికి మాత్రం ఓపిక ఉంటుంది.

తాత్పర్యం. దండ వేసుకున్నవాడు వెళ్తున్నాడు. తక్కినవారు పంపుతున్నారు. ఎడమ నుంచి మూడో ఆవిడ ఎవరని గ్రూపులో అడగ్గా పదకొండు నమస్కారాలు, రెండు పూలగుత్తులు వచ్చాయి.