వాలని బండి

కిందటేడు తిరుమల కొండ దిగుతూ అత్తయ్య దారిపొడవునా వాంతులు చేసుకుంటే, మా బావకు కోపం బండి మీద వచ్చింది.

ఏడు సీట్ల ఎస్‌యూవీ. రెండు టన్నుల పైచిలుకు బరువు. మోకాటి లోతు నీళ్లలో దించినా, రాళ్లగుట్ట ఎక్కించినా కిక్కురుమనదు. ఘాట్ మలుపుల్లో మాత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఎత్తు బండ్లన్నిటికీ ఉండే గుణమే ఇది. బరువు పైనెక్కడో ఉంటుంది, స్ప్రింగులు మెత్తన, మలుపు వస్తే ఒళ్లంతా బయటివైపుకు వాలుతుంది. బావ దాన్ని గుణం అనుకోలేదు, తనకు జరిగిన అవమానం అనుకున్నాడు.

“బస్సులో నాకెప్పుడూ ఇట్టా కాలేదురా,” అంది అత్తయ్య, ఇంటికొచ్చి మంచం మీద వాలి.

“బస్సు సంగతి వేరమ్మా. దీనికి స్వే బార్లు మార్చాలి,” అన్నాడు బావ. అప్పటికే ఫోనులో వీడియోలు చూసి మందు కనిపెట్టేశాడు.

పేరు అంత ఘనంగా ఉంది గానీ వస్తువు చిన్నది. యూ ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ. దాని నడుము రబ్బరు బుష్‌లలో ఛాసిస్‌కు పట్టి ఉంటుంది. రెండు కొసలూ లింకు రాడ్ల ద్వారా కుడి ఎడమ చక్రాల సస్పెన్షన్‌కు తగులుకుని ఉంటాయి. స్పీడ్‌బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒక్కసారే లేస్తే దానికి పనే లేదు, బుష్‌లలో ఊరికే తిరుగుతుంది. మలుపులో ఒక పక్క అణిగి రెండో పక్క లేచినప్పుడు మాత్రం తడిగుడ్డ పిండినట్టు మెలిపడుతుంది. ఆ మెలిక విప్పుకోవడానికి అది చూపే బలమే బండిని ఒరిగిపోకుండా పట్టుకునేది. పైగా కడ్డీ లావు పెరిగితే బిగువు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లావు పది శాతం పెంచితే బిగువు 46 శాతం పెరిగినట్టు. బావకు తెగ నచ్చింది ఈ లెక్క. కొంచెం పెడితే బోలెడు వచ్చే బేరం ఏదైనా ఆయనకు నచ్చుతుంది.

ఆస్ట్రేలియా నుంచి ముందుకొకటి, వెనక్కొకటి తెప్పించాడు. ఎంతయిందో మా అక్కకు చెప్పలేదు. అక్క కూడా అడగలేదు, కానీ ఆ నెల ఫ్రిజ్ మార్చే మాట ఎత్తింది.

విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి ఒకాయన బండి కిందికి దూరి, టార్చి వేసి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“మీ కడ్డీకి ఏం కాలేదండి. బుష్‌లు అరిగిపోయినయ్యి. లింకులు లొడలొడలాడతన్నయ్యి. ముందు అవి మార్చి చూద్దాం. సరిపోకపోతే అప్పుడు ఇవి ఎక్కిద్దాం.”

“ఆ రబ్బరు ముక్కలకే ఆగేదైతే ఇవి అంత దూరం నుంచి ఎందుకు తెప్పిస్తానయ్యా?”

ఇటువంటి ప్రశ్నకు ఏ మేస్త్రి దగ్గరా జవాబుండదు. అయినా ఆయన తన ధర్మం తాను చెప్పాడు. ముందుది ఒక్కటే లావు చేస్తే మలుపులో మూతి బయటికి తోసుకుపోద్ది, వెనకది ఒక్కటే చేస్తే తోక జారుద్ది, తెచ్చింది జత కాబట్టి ఆ బాధ లేదు. కానీ గతుకుల రోడ్డు మీద ఒక చక్రం గుంటలో పడితే ఆ కుదుపు రెండో పక్కకూ పాకుద్ది, లోపలున్నవాళ్ల తలలు అటూ ఇటూ కొట్టుకుంటయ్యి. బావ తల ఊపాడు. వింటున్నట్టు కాదు, త్వరగా కానిమ్మన్నట్టు.

బార్లు ఎక్కాయి. ఎర్ర రంగువి. బండి కిందికి వంగి చూస్తే తప్ప కనిపించవు. అందుకని ఇంటికొచ్చిన వాళ్లందర్నీ వంగి చూడమనేవాడు బావ. ఒక తెల్లవారుజామున నన్ను లేపుకుపోయి, ఖాళీ బెంజి సర్కిల్ చుట్టూ గిర్రున తిప్పాడు. నిజం చెప్పొద్దూ, బండి వాలలేదు. స్టీరింగ్ తిప్పినంతా తిరిగింది. పెద్ద బండి, చిన్న కారులా నడిచింది. ఆ తర్వాత మా ఊరి పొలాల రోడ్డులో మేస్త్రి చెప్పినట్టే నా తల కిటికీ అద్దానికి తగిలింది గానీ, ఆ మాట బావతో అనలేదు.

మొక్కు మిగిలే ఉంది కాబట్టి మళ్లీ కొండకు బయల్దేరాం. ఎక్కడం 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు మీద. ముందు వరసగా బస్సులుండటంతో బావ ప్రతాపం చూపే సందు దొరకలేదు. దర్శనమైంది. గుండు కొట్టించుకుని, దాని మీద చందనం పట్టించుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

దిగడం 1944 నాటి పాత ఘాట్ రోడ్డున. హెయిర్‌పిన్ మలుపులే 36. దిగే ముందు టోల్ గేటు దగ్గర టైము వేసిన చీటీ చేతికిచ్చారు. బావ దాన్ని చూడకుండానే డాష్‌బోర్డు మీద పడేశాడు.

మొదటి మలుపులోనే అర్థమైంది, ఈసారి బండి వాలదని. వాలేది మేమేనని. వెనక సీట్లో అక్క జారి వచ్చి నా భుజం మీద పడింది. లడ్డూల సంచి అటు నుంచి ఇటు వచ్చింది. బండి నిటారుగా నిలబడినంత మాత్రాన మలుపు విసురు ఎక్కడికీ పోదు కదా. అది వేగాన్ని బట్టి ఉంటుంది, వేగం రెట్టింపైతే విసురు నాలుగింతలు. అదివరకు బండి ఒరుగుతుంటే భయమేసి బావ కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లేది. ఇప్పుడా భయం పెట్టే నాథుడు లేడు. ముందు సీట్లో అత్తయ్య నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గోవిందనామాలు అందుకుంది. ప్రతి మలుపుకూ నామాల జోరు పెరిగింది.

“చూశావా, గీత గీసినట్టు ఎలా వస్తోందో!” అంటూ బావ ఒక జీపును దాటాడు. రెండు ట్యాక్సీలను దాటాడు. ఒక ఆర్టీసీ బస్సును, దాని డ్రైవరు తల బయటపెట్టి ఏదో అంటుండగా, దాటేశాడు.

అలిపిరి ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన వరసగా కార్లు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు కిందికి దిగి, చెట్ల నీడన చేతుల్లో చీటీలు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. బావకు అనుమానం వచ్చి డాష్‌బోర్డు మీది చీటీ తీశాడు. కొండ దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదు, ఎక్కడానికి 28. ముందే వచ్చేస్తే చెక్‌పోస్టు దగ్గర జరిమానా. కిందటేడు ఈ నిబంధన మా ఎవరికీ తగల్లేదు. ఆగి ఆగి, నోరు కడిగించి కడిగించి దిగేసరికి గంట దాటింది మరి.

ఇంకా పన్నెండు నిమిషాలుంది. బావ కార్ల వరసలో చివర ఆపి, ఇంజను కట్టేసి, గుండు తుడుచుకున్నాడు. చుట్టూ చూసి, పోయిన పరువును దొరికినచోట ఏరుకోవాలి కాబట్టి తల్లివైపు తిరిగాడు.

“అది సరేగానీ అమ్మా, ఒక్క వాంతి అయిందా చెప్పు?”

“నిన్న రాత్రి నుంచీ ఏమన్నా తింటేగా,” అంది అత్తయ్య కళ్లు తెరవకుండానే.

కాసేపటికి దాటేసి వచ్చిన జీపు మమ్మల్ని దాటుకుని దిగిపోయింది. తర్వాత ట్యాక్సీలు. ఆ వెనక ఆర్టీసీ బస్సు, తాపీగా, ప్రతి కిటికీలోనూ ఒక గుండుతో. దాని డ్రైవరు ఈసారి ఏమీ అనలేదు, మా వైపు చూసి చెయ్యి ఊపాడంతే. అత్తయ్య అప్పుడు కళ్లు తెరిచి, బస్సు మలుపు తిరిగేదాకా చూసి, నిమ్మకాయ కొంగులో ముడి వేసుకుంది.

“వచ్చేసారి నేను ఆ బస్సులో దిగుతాలేరా నాన్నా. నువ్వెటూ ముందొచ్చి ఇక్కడ ఆగే ఉంటావుగా, ఎక్కించుకుందువు గాని.”