తుప్పంతా తీయకండి

పాత పనిముట్లను బాగుచేసుకోవడం గురించి నేను చెప్పేవన్నీ మీరు ఇదివరకు విన్నవాటికి తలకిందులుగానే ఉంటాయి. తుప్పుతో మొదలుపెట్టవద్దంటాను, మెరిపించవద్దంటాను, ఇనుమును నీళ్ళలో వేసి మరిగించమంటాను. ఎదురు చెప్పాలన్న సరదా కాదిది. తుప్పు తిన్న ఉలులకన్నా, తుప్పు వదిలించబోయి మనుషులు పాడుచేసిన ఉలులే నేను ఎక్కువ చూశాను.

మారేడ్‌పల్లిలో ఈ మాట ఇప్పుడే చెప్పాలి. తూర్పు మారేడ్‌పల్లిలోనూ పడమటి వైపునా పాత బంగళాలు, పెంకుటిళ్ళు అపార్ట్‌మెంట్లకు పోతున్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున మెట్ల కింది నుంచో అటక మీది నుంచో ఒక చెక్కపెట్టె దిగుతుంది. నిజాం రైల్వే 1893లో పెట్టిన లాలాగూడ వర్క్‌షాపు మనకు కూతవేటు దూరం. అక్కడ పనిచేసిన తాతల ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఎన్నో. పెట్టెలో రెండు ఉలులు, ఒక రందా, రంపం, ఆకురాళ్ళు, పానాలు ఉంటాయి. అన్నీ ఎర్రగా ఉంటాయి కాబట్టి పాత ఇనుము కొనేవాడి తరాజులోకి కిలో లెక్కన వెళ్ళిపోతాయి. లేదా ఇంట్లో ఉత్సాహం ఉన్న కుర్రాడు రాణిగంజ్ వెళ్ళి గ్రైండర్ మిషన్‌కు వైరు బ్రష్ కొనుక్కొస్తాడు. ఆ రెండోదానికే నాకు ఎక్కువ భయం.

ముందు పదును పెట్టండి. అవును, తుప్పు మీద చేయి వేయకముందే. ఉలిని తిప్పి పట్టుకుని, వెనకవైపు అంచు దగ్గర అర అంగుళం మేర మాత్రమే రాయి మీద రుద్దండి. సానరాయి లేకపోతే అద్దాల కొట్లో మందపాటి గాజుముక్క అడిగి తెచ్చుకోండి. దాని మీద 220 నంబరు నీటి ఎమరీ కాగితం తడిపి పరిస్తే చాలు. అయిదు నిమిషాల్లో అసలు సంగతి తేలిపోతుంది. అంచు పొడుగునా లోహం ఒకే తీరుగా వస్తే ఆ ఉలి బతికే ఉంది. అంచులోనే గుంటలు కనిపిస్తే, ఆ గుంటలు దాటేదాకా ఉక్కును అరగదీయాల్సి వస్తుంది. అంత పొడుగు మిగిలి ఉందా లేదా అన్నది అప్పుడే చూసుకోవచ్చు. ఒళ్ళంతా తళతళలాడించి చివరికి అంచు పనికిరాదని తెలుసుకోవడం కన్నా ఇది మేలు కదా. తర్వాత 400, 1000, 2000 నంబర్ల మీదుగా వెళ్ళి, అంచును 30 డిగ్రీల వాలులో నూరండి. మన తుమ్మకూ టేకుకూ 25 కన్నా 30 నిలుస్తుంది.

అర అంగుళమే ఎందుకంటే, పాత రందా బ్లేడుల్లో, ఉలుల్లో చాలావాటికి ఒళ్ళంతా ఉక్కు కాదు. మెత్తటి ఇనుము మీద ఆ వెనకవైపు పలచటి ఉక్కు పొరను కొలిమిలో అతికించేవారు. ఉక్కు ఖరీదైన రోజులవి. బ్లేడు మీద ‘కాస్ట్ స్టీల్’ అన్న ముద్ర ఉంటే పోత ఇనుమనుకుని పారేయకండి. మూసలో కరిగించి తీసిన ఉక్కు అది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ అనే అతను 1740ల్లో ఆ పద్ధతి పట్టుకున్నాడు. మన నిజామాబాదు జిల్లా కోనసముద్రంలోనూ కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు చేసి అమ్ముతుంటే పర్షియా వర్తకులు అంత దూరం వచ్చి కొనేవారు. 1820ల్లో ఆ ఊరు చూసిన వోయ్‌సీ అనే భూగర్భశాస్త్రవేత్త రాసిన వివరం 1832లో అచ్చయింది. అలాంటి ఉక్కు పొరను గుడ్డిగా గీకి పారేస్తే మిగిలేది మెత్తటి ఇనుపరేకు. దానికి పదును నిలవదు.

ఇక తుప్పు. రేకులు రేకులుగా లేచే ఎర్రది శత్రువు, దాని కింద గట్టిగా అంటుకున్న నల్లది మిత్రుడు. ఎర్ర తుప్పు తేమను పట్టి ఉంచి కిందికి తవ్వుతూ పోతుంది. నల్లపొర లోహాన్ని కప్పి ఉంచుతుంది. ఢిల్లీ మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా వానలో ఎండలో నిలబడి ఉందంటే, ఆ ఇనుములోని భాస్వరం వల్ల పైన ఏర్పడిన పలచటి రక్షణ పొరే కారణమని ఐఐటీ కాన్పూర్ లోహశాస్త్రవేత్త బాలసుబ్రమణ్యం వివరించారు. మీ తాతగారి సుత్తి మీది నల్లపొర అదే పదార్థం కాకపోయినా చేసే సేవ అదే. ఎర్రది ఊడదీయడానికి ఇత్తడి బ్రష్షో, కిరసనాయిల్లో ముంచిన గరుకు గుడ్డో చాలు. గుడ్డకు ఎర్రరంగు అంటడం మానేసిందంటే అక్కడితో ఆపండి. తెల్లటి లోహం బయటపడేదాకా రుద్దితే, రేపు వానాకాలంలో అదే ముందు తుప్పు పడుతుంది.

సన్నటి ఎర్రపొర మిగిలిపోతే ఇనుమును మరిగించండి. పిడి ఊడదీసి, వంటకు పనికిరాని పాత గిన్నెలో ఫిల్టరు నీళ్ళు పోసి అరగంట మరగనివ్వండి. బోరు నీళ్ళయితే సున్నపు మచ్చలు పడతాయి. ఎర్రగా ఉన్నది కళ్ళముందే నల్లబడుతుంది. తుపాకీ గొట్టాలకు నలుపు ఎక్కించేవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. వేడిగా ఉండగానే బయటికి తీస్తే తడి దానంతటదే ఆరిపోతుంది. వెంటనే నూనె పట్టించండి.

మరో దారి కరక్కాయ. శ్రీకాళహస్తిలో, పెడనలో కలంకారీ చేసేవాళ్ళు గుడ్డను ముందు కరక్కాయ రసంలో తడుపుతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో దాని మీద గీసినా అచ్చు వేసినా నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి ఇచ్చే నలుపది. అదే పని పనిముట్ల మీదా జరుగుతుంది. చితక్కొట్టిన కరక్కాయలు నీళ్ళలో మరిగించి వడకట్టి, రేకులు ఊడదీసిన చోట కుంచెతో పూయండి. ఆరాక మళ్ళీ ఒకసారి పూయండి. గుంటల్లో దాక్కున్న తుప్పు నల్లగా మారి కుదురుకుంటుంది. బజారులో సీసాల్లో అమ్మే తుప్పు మందుల్లో కొన్నిటి సారమూ టానినే.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. తుప్పు నిమిషాల్లో పోతుంది, నిజమే. కానీ ఆ పొగకు పక్క అరలో ఉన్న మంచి సామాను కూడా తెల్లారేసరికి తుప్పు పడుతుంది. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసై విరుగుతుంది. యాసిడ్ కావాల్సినంత మొండి తుప్పయితే లీటరు నీళ్ళకు 50 గ్రాముల నిమ్మఉప్పు వేసి, గంటకోసారి తీసి చూస్తూ ఉండండి. రాత్రంతా వదిలేసి నిద్రపోవద్దు. తీశాక వాషింగ్ సోడా నీళ్ళలో ముంచితేనే పులుపు విరుగుతుంది. చింతపండూ పులుపే, దాన్ని ఇనుముకు వాడకుండా రంపం వీపు మీది ఇత్తడి పట్టీకి దాచుకోండి.

బ్యాటరీ చార్జరు పెట్టి వాషింగ్ సోడా నీళ్ళలో తుప్పు వదిలించే పద్ధతి మంచిదే. పనిముట్టు మైనస్‌కు, పాత ఇనుపముక్క ప్లస్‌కు కలపాలి. తిప్పి కలిపారా, కరిగిపోయేది మీ పనిముట్టే. ప్లస్ వైపు స్టీలు గరిటెలు, చెంచాలు పెట్టకూడదు. వాటిలోని క్రోమియం విషంగా నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి.

గ్రైండర్ మిషన్ గురించి ఒక్క మాట. అంచు వేడెక్కితే ముందు గడ్డిరంగు, తర్వాత ఊదా, ఆపైన నీలం తేలతాయి. 300 డిగ్రీల చుట్టుపక్కల వచ్చే ఆ నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ నీలం దాటేదాకా అంచును మళ్ళీ అరగదీయక తప్పదు. గ్రైండర్‌కు నేను ఒప్పుకునే పని ఒకటే. సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకున్న ఇనుప ఉలి నెత్తిని గుండ్రంగా కోసేయడం. ఆ అంచులు విరిగి కంట్లో పడతాయి కాబట్టి దానిని బాగుచేయకుండా వాడనే కూడదు. కళ్ళజోడు పెట్టుకుని చేయండి.

ముద్రలు చెరపవద్దు. రెండు అక్షరాలు గుచ్చి ఉంటే అవి పనిచేసినవాడి పేరు కావచ్చు. ఎన్.ఎస్.ఆర్. అని ఉంటే అది నిజాం స్టేట్ రైల్వే. ఆ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది, అంటే మీ చేతిలోని పానా వయసు డెబ్బై దాటింది. ఆ అక్షరాల చుట్టూ ఎమరీ కాగితం కూడా తగలనివ్వను నేను.

పిడి వదులైతే సుత్తిని రాత్రంతా బకెట్లో నానబెట్టమనేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. వాళ్ళ మాట వినకండి. చెక్క ఉబ్బి ఇనుప కంతలో నలిగిపోతుంది, ఆరాక మునుపటికన్నా వదులవుతుంది, తల ఊడి ఎవరి మీదైనా పడుతుంది. కొత్త చీల దిగగొట్టండి, లేదా ఎండిన తుమ్మకర్రతో కొత్త పిడి వేయించండి. వార్నిష్ పూయవద్దు, చెమట చేతికి బొబ్బలొస్తాయి. అవిసె నూనె పలచగా రాసి తుడిచేస్తే చాలు. ఆ నూనెగుడ్డలను ముద్దచేసి మూల పడేయవద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి.

ఇనుముకు వంటనూనె వద్దు, జిగురై దుమ్ము పడుతుంది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డకు అద్ది తుడవండి. మన దక్కను గాలి ఏడాదిలో ఎక్కువ భాగం పొడిగా ఉంటుంది కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా జాగ్రత్తపడితే చాలు. కాకినాడ, విశాఖపట్నం ఇళ్ళ నుంచి వచ్చిన పెట్టె అయితే వేరు. సముద్రపు ఉప్పు గుంటల్లో ఉండిపోతుంది, కొన్నాళ్ళు వాషింగ్ సోడా నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి.

దసరా నాడు ఆయుధపూజకు పసుపు కుంకుమ పెడతాం, నిమ్మకాయ కోస్తాం. పెట్టాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ తడి పసుపు ముద్ద, నిమ్మరసం రోజుల తరబడి ఇనుము మీద ఉంటే ఆ బొట్టు కిందే తుప్పు మొదలవుతుంది. మర్నాడు పొద్దున్నే తుడిచి నూనె రాయండి. పూజకు అదేమీ లోటు కాదు.

చివరిగా, బాగుచేసినదాన్ని డ్రాయింగు రూములో గోడకు తగిలించకండి. మీరు వాడనిదైతే వాడేవాళ్ళకు అరువివ్వండి. మీ వీధి చివర తలుపులు చెక్కే మేస్త్రీ ఉంటే, “అన్నా, ఇది నీ దగ్గర ఉంచు, నాకు కావాల్సినప్పుడు అడుగుతా” అని రందా చేతిలో పెట్టండి. రోజూ చెక్క తగిలి, సాయంత్రం గుడ్డ తగిలే ఇనుముకు తుప్పు పట్టే తీరిక ఉండదు. పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే మాత్రం వచ్చే వానాకాలానికి మళ్ళీ మొదటికే వస్తారు.