ముందు తాతను ఎంచుకోండి

వంశచరిత్ర రాద్దామని కూర్చున్నవాళ్ళలో చాలామంది తమతో మొదలుపెట్టి చెడిపోతారు. తాను, తండ్రి, తాత అంటూ ఒక్కో మెట్టే ఎక్కుతారు. నాలుగో మెట్టు మీద అప్పులవాళ్ళకి జడిసి రాత్రికి రాత్రి ఊరు మారినవాడు కూర్చుని ఉంటాడు. ఆయన్ని చూశాక ఇక వెనక్కి దిగలేరు, పైకీ ఎక్కలేరు. కాబట్టి ముందు తాతను ఎంచుకోండి. అక్కణ్ణుంచి మీదాకా దిగిరావచ్చు.

మా కృష్ణా జిల్లా చల్లపల్లివాళ్ళకి వెతుక్కునే శ్రమ కూడా లేదు. ఊళ్ళోనే కోట ఉంది. దేవరకోట ఎస్టేటు నడిచింది ఇక్కణ్ణుంచే. 1948 నాటి చట్టం జమీందారీలను రద్దు చేసింది గాని, తాతల మీద పరిమితి ఏమీ పెట్టలేదు. మా తాత కోటలో పనిచేశాడని ఇంట్లో అనుకునేవాళ్ళు. ఏం పనో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వంశవృక్షంలో మొదట ‘దివాణంలో ఉద్యోగం’ అని రాశాను. మూడు నెలలు తిరిగేసరికి చిత్తుప్రతి మీద చిత్తుప్రతి రాస్తూ ఉండగా అది ‘దివాన్’ అయి కూర్చుంది. రెండక్షరాల తేడాకి ఎవరు పోట్లాడతారు?

ఇంటిపేరు కలిస్తే చుట్టమేనని ఖాయం చేసుకోండి. ఊరిపేరే ఇంటిపేరైన కుటుంబాలు కొల్లలనీ, ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో ఉంటుందనీ, గోత్రం కూడా చూడమనీ కొందరు చాదస్తులు చెబుతారు. చాదస్తంతో వంశాలు పెరగవు.

ఆ తర్వాత వంశవృక్షాల సైటుకి ఆన్‌లైన్ చందా. ఏం వెతకాలో తెలియకముందే కట్టేయాలి, ఏడాది మొత్తానికి, డాలర్లలో. కార్డు నంబరు అక్కడే వదిలేస్తే పై ఏడు వాళ్ళే గుర్తుపెట్టుకుని తీసుకుంటారు. మనకి తద్దినాల తేదీలైనా గుర్తుండవు గాని, వాళ్ళకి ఇది మాత్రం గుర్తుంటుంది. ఫ్యామిలీసెర్చ్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది, దాని జోలికి పోకండి. ఊరికే వచ్చిన తాతకి విలువ ఉండదు. పెద్ద సైట్ల బలమంతా అమెరికా, బ్రిటన్ జనాభా లెక్కలు, చర్చి రిజిస్టర్లు. మన దేశంలో జనాభా లెక్కల్లో ఇంటింటికీ రాసుకున్న వివరాలు బయటికివ్వరు. నేను ‘మచిలీపట్నం’ అని కొట్టగానే దొరల బాప్తిస్మాలు, దొరసానుల సమాధులు వరసగా వచ్చాయి. రెండు వారాలు శ్రద్ధగా చదివాను. డబ్బు కట్టింది చదవడానికేగా.

ఉమ్మి సీసాలో పట్టి పంపే డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించండి. తరతరాలుగా మేనరికాలు చేసుకున్న కుటుంబాల్లో ఒకే చుట్టరికం రెండు మూడు దారుల్లో వచ్చి కలుస్తుంది గనక, యంత్రం దూరపువాణ్ణి కూడా దగ్గరివాడుగా చూపించే అవకాశం ఉంది. అలాంటివాడు న్యూజెర్సీలో దొరికితే వెంటనే ‘అన్నయ్యా’ అని పిలిచి, కాలేజీ సీటు సంగతి ఎత్తండి.

ఊరి పేర్లను ఇవాళ్టి చిరునామాతోనే వెతకాలి. కృష్ణా జిల్లా ఏర్పడింది 1859లో. గుంటూరు అందులోంచి విడిపోయింది 1904లో. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది 2022లో. ఇవన్నీ తెలుసుకుంటే ఏ కాగితం ఏ కచేరీలో ఉందో తెలిసిపోతుంది, ఇక వెతకడంలో మజా ఏముంటుంది? కృష్ణను తెల్లదొరలు ‘కిస్ట్నా’ అనీ, మచిలీపట్నాన్ని ‘మసులిపటం’ అనీ రాసుకున్నారు. ఆ స్పెల్లింగులతో వెతికితే నటాల్ ఓడల పట్టీలు తగులుతాయి, జాగ్రత్త! 1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా దక్షిణాఫ్రికాలోని ఆ నటాల్ చెరకు తోటలకి వెళ్ళారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటిమీది మచ్చ కూడా రాసిపెట్టారు. అంత వివరంగా దొరికే తాత కూలివాడైపోయాడే! అలాంటివాణ్ణి దివాన్ పక్కన ఎక్కడ కూర్చోబెడతాం?

రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తే ఈసీ తీసుకుని, ఎకరాలు చూసుకుని వచ్చేయండి. అసలు దస్తావేజు నకలు అడగొద్దు. అందులో ఫలానావారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా ఊరి కాపురస్తుడు అని మొదలవుతుంది. చెక్కుబందీలో తూర్పున ఎవరి చేను, పడమర ఎవరి చేను అని ఉంటుంది. చూస్తే ఆ తూర్పు చేను తమ్ముడిది, పడమర చేను బాబాయిది. పంపకాల కాగితమైతే మరీ ప్రమాదం. ఎవరు ముందు పోయారో, ఎవరి వితంతువుకి ఏటా ఎన్ని పుట్ల ధాన్యం మనోవర్తి కింద ఇవ్వాలో రాసి ఉంటుంది. వంశవృక్షంలో పేరు దొరకని ఆడవాళ్ళు మనోవర్తి దగ్గర వేలిముద్రతో సహా దొరుకుతారు. వాళ్ళందరికీ గడులు గీయాలంటే కాగితం చాలదు.

కరణాల ఉద్యోగాలు 1984లో పోయాయి గనక వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రయోజనం లేదని ముందే తేల్చుకోండి. ఉద్యోగంతో పాటు జ్ఞాపకశక్తి కూడా ప్రభుత్వానికి అప్పగించి ఉంటారు.

ఇంట్లో తద్దినం పెట్టేటప్పుడు ఫోను చూసుకుంటూ ఉండండి. పంతులుగారు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు అడుగుతారు. ఆ వెంటనే తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లు కూడా అడుగుతారు, మాతామహుల వైపుకీ వెళ్తారు. ఏ చందా లేకుండా మూడు తరాలు పీటల మీదే వచ్చిపడతాయి. ఆ సమయంలో ఒక్క పేరు చెవిన పడినా మన కోట గోడ బీటలు వారుతుంది. పేరు తెలియకపోతే ఏమనాలో పంతులుగారే చెబుతారు, అది అనేసి లేవండి.

పాత కాగితాలేవీ అని ఎవరైనా అడిగితే ‘ఉప్పెనలో పోయాయి’ అనండి. మా ఊరి నుంచి పులిగడ్డ దాటితే దివిసీమే. 1977 నవంబరు 19 అంటే ఎవరూ మారుమాట్లాడరు, అడిగినవాళ్ళే తలొంచుకుంటారు. వేలమందిని మింగిన నీళ్ళకి మన బద్ధకాన్ని అంటగట్టడం మర్యాదేనా అని నాకూ ఒకసారి అనిపించింది. తర్వాత అలవాటైపోయింది.

మా కాగితాలు మాత్రం ఏ నీళ్ళకీ పోలేదు. పెదకళ్ళేపల్లిలో మా మేనత్త ఇంటి అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆవిడకి తొంభై దాటాయి. నెలకోసారి ఫోను చేసి, “ఒరే అబ్బాయ్, మా నాయనమ్మ పేరు నీకెప్పుడైనా చెప్పానా?” అంటుంది. “అత్తయ్యా, వంశవృక్షం పనిలో తలమునకలుగా ఉన్నాను, తర్వాత మాట్లాడతా” అని పెట్టేస్తాను. మీరూ అలాగే చేయండి. పెద్దవాళ్ళు ఒకసారి మొదలుపెడితే గంట పడుతుంది, వాళ్ళని సైటులో ఎక్కించడానికి గడి కూడా ఉండదు.

పని పూర్తయ్యాక పన్నెండడుగుల ఫ్లెక్సీ వేయించి ఏదైనా పెళ్ళిలో కట్టించండి. మా మేనల్లుడి పెళ్ళికి నేను కట్టించాను. మేనత్త కళ్ళజోడు సర్దుకుని, దివాన్ గారి ఫొటో దగ్గర కాసేపు నిలబడి, పై వరస చదివింది. ముత్తవ్వ గడిలో ‘పేరు లభ్యం కాలేదు’ అని ఉంది.

“లభ్యం కాకపోవడమేమిట్రా? మా నాయనమ్మ వెంకమ్మ. ఈ తలపాగా ఆయనెవరు? మా నాయన కోటలో గుర్రాలకి దాణా...”

ఇలాంటప్పుడు తడబడకూడదు. మైకు అందుకుని, ఆకులు వేశారు, అందరూ భోజనాలకి లేవండి అని గట్టిగా చెప్పేయాలి.