నిలకడే నా కొలువు

తెరచాప అనగానే ఓడను ముందుకు నడిపించేదే మీకు గుర్తొస్తుంది. నేనూ తెరచాపనే, కానీ నా పని నిలబెట్టడం. ఇన్సాట్-2ఎ ఉపగ్రహం పక్కకు తిరిగిపోకుండా పట్టి ఉంచిన సౌర తెరచాపను నేను.

1992 జూలై 10న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్ మమ్మల్ని పైకి చేర్చింది. ఇన్సాట్-1 వరసను అమెరికా కంపెనీ తయారుచేసి ఇచ్చింది. ఇస్రో సొంతంగా కట్టుకున్న ఇన్సాట్లలో మొదటిది మాదే. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే. కక్ష్యలో సుమారు 15 మీటర్ల పొడవున ఒక కాడ సాగింది. దాని కొసన నేనున్నాను.

మా చోటు భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 74 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. చేవెళ్లలో నిలబడి దక్షిణానికి తిరిగి, కాస్త పడమరకు వాలి, తల బాగా పైకెత్తితే మీ చూపు మా వైపే ఉన్నట్టు. భూమితో సమానంగా తిరుగుతాం కాబట్టి మీకు ఎప్పుడూ అక్కడే ఉంటాం.

నా అవసరం ఎందుకొచ్చిందంటే, మా ఉపగ్రహంలో మబ్బులను చూసే కెమెరా ఉంది. భూమి వేడిని పసిగట్టే దాని పరారుణ కన్ను పనిచేయాలంటే గడ్డకట్టే చలిలో ఉండాలి. అందుకని దాని చల్లబరిచే పలకను ఉత్తరాన చీకటి ఆకాశం వైపు పెట్టారు. అటు సౌర ఫలకం పెడితే ఆ వేడి దీనికి తగులుతుంది. కాబట్టి కరెంటు ఇచ్చే ఫలకాలన్నీ దక్షిణానికే. ఇక ఎండ ఒక పక్కనే తోస్తుంది. ఎండకు బలమేమిటంటారా? చదరపు మీటరు అద్దం మీద సూర్యకాంతి తోపు 9 మైక్రోన్యూటన్లు, అంటే ఒక మిల్లీగ్రాము బరువు పాటి కూడా కాదు. కానీ అక్కడ అడ్డుకునే గాలి లేదు, రాపిడి లేదు. రోజుల తరబడి తోస్తే రెండు టన్నుల ఉపగ్రహమైనా మొహం తిప్పేస్తుంది. ప్రతిసారీ ఇంధనం మండించి సర్దుకుంటూ పోతే ఆయుష్షు హరించుకుపోతుంది. అందుకే ఉత్తరాన, కెమెరాకు దూరంగా నన్ను పెట్టారు. కాడ పొడవు కాబట్టి చిన్నదాన్నయినా సరిపోయాను. మిగిలిన కొద్దిపాటి తేడాను లోపలి చక్రాలు, అయస్కాంత చుట్టలు చూసుకునేవి.

నాలాంటిది లేకపోతే ఏమవుతుందో ఇన్సాట్-1ఎ చూసింది. 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఆ ఉపగ్రహానికి తెరచాప విచ్చుకోలేదు. వేరే ఇబ్బందులూ తోడయ్యాయి. ఇంధనం అయిపోయి సెప్టెంబరుకల్లా దాని కథ ముగిసింది.

మా కెమెరా మామూలు వెలుగులో 2 కిలోమీటర్లకు ఒక చుక్క చొప్పున చూసేది. చేవెళ్ల ఊరంతా ఒకటి రెండు చుక్కలు. మొయినాబాద్ పక్కన గండిపేట నీళ్లు కొన్ని నల్లని చుక్కలు. మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు కనిపించేదే కాదు. కానీ అరేబియా సముద్రం నుంచి కదిలిన మబ్బుల దండు మొత్తం ఒక్క చూపులో దొరికేది. మృగశిర కార్తెలో "మబ్బయితే పట్టింది, వాన పడ్తదా?" అని పత్తి ఇత్తనాల సంచి పక్కన పెట్టుకుని కూర్చున్న రైతుకు, రాత్రి దూరదర్శన్ వార్తల్లో చూపిన తెల్లని మబ్బుల పటం అలా వచ్చిందే. ఏ చేలో ఎప్పుడు కురుస్తుందో ఆ పటం చెప్పలేదు. రుతుపవనం ఎంతదాకా వచ్చిందో మాత్రం చూపించేది.

తీరం సంగతి ఇంకా పెద్దది. 1977 దివిసీమ ఉప్పెనలో దాదాపు 10 వేల మంది పోయారు. 1990 మే తుపానును మా ముందుతరం ఇన్సాట్-1బి ముందే కనిపెట్టి చూపింది. దాని నిలకడ కూడా సౌర తెరచాప చలవే. లక్షల మందిని ముందే తరలించారు. ఈసారి మృతులు వెయ్యిలోపు. అది కూడా తక్కువ దుఃఖమేమీ కాదు. అయినా బతికిన ప్రాణాల లెక్కలో మా కులానికి కొంత వాటా ఉందని నా నమ్మకం.

2002లో మా ఉపగ్రహం సేవ ముగిసింది. తర్వాత నా జాతి ప్రయాణం మొదలుపెట్టింది. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ ఎండ తోపును వాడుకుంటూ శుక్రుడి పక్కగా వెళ్లింది. మొయినాబాద్ పాలీహౌస్‌ల మీద పరిచే షీటు మందం సాధారణంగా 200 మైక్రాన్లయితే, ఇకారోస్ చాప మందం 7.5 మైక్రాన్లే. 2019లో ప్లానెటరీ సొసైటీ వారి లైట్‌సెయిల్-2 భూమి చుట్టూ తిరుగుతూ ఎండతో తన కక్ష్యను మార్చుకుంది. 2024లో నాసా 80 చదరపు మీటర్ల చాపను విప్పింది.

మొయినాబాద్, చేవెళ్ల దారిలో ఇంజనీరింగ్ కాలేజీలకు బస్సుల్లో వెళ్లే పిల్లలారా, పలచటి పొరను చిరగకుండా మడిచి, అంతరిక్షంలో చిక్కుపడకుండా విప్పడమే ఈ విద్యలో అసలు కష్టం. మడత లెక్కలు కాగితం మీదే మొదలుపెట్టవచ్చు. నిలబెట్టే తెరచాపను మన దేశం 1992లోనే చేసింది. నడిపించే తెరచాపను మీరు చేయండి.