పిట్టలదొర ఏనుగు వేట

పిట్టలదొర మనకు కొత్త కాదు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. నోరు తెరిస్తే పులుల్ని చంపిన కోతలు. మనవాళ్లు కడుపారా నవ్వి, చేతిలో ఓ రూపాయి పెట్టి పంపేస్తారు. అమెరికావాళ్లు మాత్రం తమ పిట్టలదొరని ముప్పై ఏళ్లకు పైగా గద్దె మీద కూర్చోబెట్టి, చెప్పిందల్లా విన్నారు. ఆయన వేన్ లాపియెర్, తుపాకి హక్కుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు 2024 దాకా అధినేత. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో ఒకడు 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దల్ని కాల్చి చంపిన వారానికి ఈయన మైకు ముందుకొచ్చి సెలవిచ్చాడు: తుపాకి పట్టిన చెడ్డవాణ్ని ఆపగలిగేది తుపాకి పట్టిన మంచివాడొక్కడేనట. దుష్టశిక్షణకి ఇక అవతారాలు అక్కర్లేదు, లైసెన్సు చాలు. చాలా రాష్ట్రాల్లో అదీ అడగరు.

ఆ మంచివాడి గురి ఎలా ఉంటుందో దొరవారే చూపించారు. 2013లో బోట్స్వానాకు ఏనుగు వేటకెళ్లారు. ఆ వీడియో 2021లో బయటపడింది. మొదటి దెబ్బకు ఏనుగు కూలింది. లేవలేని ఆ జంతువు పక్కనే నిలబడి, ఎక్కడ కాల్చాలో గైడు చూపిస్తుంటే, మూడుసార్లు కాల్చి మూడుసార్లూ తప్పాడు. చివరికి వెంట వచ్చిన మిత్రుడు ఆ పని ముగించాడు. పారిపోని, ఎదురు కాల్చని, గదంత ఏనుగు అది. ఇక పిల్లలు చెల్లాచెదురుగా పరుగెడుతున్న బడి వరండాలో, చేతికి తుపాకి ఇచ్చిన లెక్కల టీచరమ్మ మాత్రం గురి తప్పకూడదు.

2000 నుంచి 2013 వరకు జరిగిన 160 కాల్పుల ఘటనల్ని ఎఫ్‌బీఐ పరిశీలించింది. 21 చోట్ల హంతకుణ్ని ఒడిసిపట్టినవాళ్లు ఆయుధం లేని మామూలు జనం. పోలీసులు కానివాళ్లు తుపాకితో ఎదుర్కొని ముగించినవి ఐదు. అందులో నాలుగు కాపలా గార్డుల ఖాతాలోవి. దారినపోయే మంచివాడు మిగిలింది ఒక్కడు! అలాంటివాణ్ని నేను తీసిపారేయను. 2022 జులైలో ఇండియానాలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో 22 ఏళ్ల కుర్రాడు 15 సెకన్లలో హంతకుణ్ని పడగొట్టాడు, దండం పెట్టాల్సిందే. కానీ అంతకు ఏడాది ముందు కొలరాడోలోని అర్వాడాలో మరొకాయన కూడా హంతకుణ్ని అలాగే కూల్చి, వాడి రైఫిల్ చేతికి తీసుకున్నాడు. అప్పుడే వచ్చిన పోలీసుకి కనిపించింది ఆ రైఫిలే. కాల్చేశాడు. మంచివాడని నొసట రాసి ఉండదు కదా.

ఈ వాదన మొత్తాన్ని ఒక్కచోట చూడాలంటే అరిజోనాలోని టూసాన్‌కి వెళ్లాలి. 2011 జనవరి 8, సూపర్‌మార్కెట్ ముంగిట కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ జనంతో మాట్లాడుతుండగా ఒకడు కాల్పులు మొదలెట్టాడు. మ్యాగజైన్ ఖాళీ అయింది. ఒకాయన మడత కుర్చీతో ఒక్కటిచ్చాడు. 74 ఏళ్ల రిటైర్డు కల్నల్, తలమీంచి నెత్తురు కారుతున్నా, వాణ్ని పట్టుకుని కిందపడేశాడు. వాడు జేబులోంచి లాగిన కొత్త మ్యాగజైన్‌ను నేల మీదున్న 61 ఏళ్ల ఆవిడ గుంజేసుకుంది. అంతా అయ్యాక మన కథానాయకుడు, జేబులో తుపాకితో, పక్క మందుల దుకాణంలోంచి పరుగున వచ్చాడు. ఒకడి చేతిలో పిస్తోలు కనిపించింది. కాల్చబోయి ఆగాడు. ఆ పిస్తోలు పట్టుకున్నాయన దాన్ని హంతకుడి చేతిలోంచి లాక్కున్న మనిషి! ఆ కుర్రాడు తమాయించుకున్నాడు కాబట్టి సరిపోయింది. నినాదాన్ని నమ్మి ఉంటే చావుల లెక్కలో ఇంకొకటి చేరేది.

అలాగని ఒట్టి చేతులకు మహిమలున్నాయని నేననను. 2017లో కాన్సాస్‌లోని ఒలాతే బార్‌లో మన హైదరాబాదు ఇంజనీరు ఒకతన్ని ఒకడు కాల్చి చంపిన రాత్రి, టేబుల్ కింద నక్కిన 24 ఏళ్ల అమెరికన్ కుర్రాడు తూటాలు లెక్కపెట్టాడు. తొమ్మిదయ్యాయి, ఇక ఖాళీ అనుకుని వెంటపడ్డాడు. లెక్క తప్పింది. తూటా చేతిలోంచి దూసుకుపోయి ఛాతీలో దిగింది. బతికాడు, హూస్టన్ భారతీయులు ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. హంతకుణ్ని పట్టించిందేమో, పక్కనున్న మిస్సోరీలో ఓ బార్ ఉద్యోగి చేసిన ఫోను.

తుపాకులు ఎక్కువైతే భద్రత ఎక్కువన్న సూత్రం కనీసం దొరవారి ఇంట్లోనైనా చెల్లుతుందా? 2022 మేలో హంతకుడు చొరబడిన యువాల్డీ బడికి 376 మంది సాయుధ పోలీసులు చేరి, 77 నిమిషాలు ఆగారు. మూడు రోజులకు హూస్టన్‌లో దొరవారి రైఫిల్ అసోసియేషన్ మహాసభ. ట్రంప్ మాట్లాడే హాల్లోకి తుపాకులు తేకూడదని సీక్రెట్ సర్వీస్ నిషేధం. హాలు నిండా మంచివాళ్లే, పాపం, ఒక్కరినీ నమ్మలేదు.

ఒట్టి చేతులవాడికైనా, తుపాకివాడికైనా కావలసింది హంతకుడు తూటాలు మార్చుకునే ఆ కాస్త సందు. పది తూటాలకు మించిన మ్యాగజైన్ల తయారీ, అమ్మకాలపై 1994లో పెట్టిన నిషేధానికి 2004లో కాలం తీరిపోయింది. టూసాన్ హంతకుడిది 33 తూటాల మ్యాగజైన్. 2013 జనవరిలో సెనేట్ కమిటీ ముందు గిఫర్డ్స్ భర్త మార్క్ కెల్లీ చెప్పాడు: మొదటి తూటా తన భార్య తలలోకి, పదమూడోది తొమ్మిదేళ్ల పాప ఒంట్లోకి వెళ్లాయని. అదే విచారణలో సాక్షిగా లాపియెర్ కూడా ఉన్నాడు. ఏప్రిల్‌లో సెనేట్ ఓటేసింది. పది తూటాల పరిమితికి అనుకూలంగా 46, వ్యతిరేకంగా 54.