డిలీట్ లోపదీపిక అను టీకా

మూలం: ఈ ఫైలును శాశ్వతంగా డిలీట్ చెయ్యాలా? అవును. కాదు.

ప్రతిపదార్థం: ఈ ఫైలును = ఎదుట కనబడుచున్న ఈ దస్త్రమును; శాశ్వతంగా = మరల రాని విధముగా; డిలీట్ = దీని అర్థమే వివాదము, వ్యాఖ్య చూడుడు; చెయ్యాలా = చేయవలెనా; అవును = తొందర; కాదు = భయము.

వ్యాఖ్య: డిలీట్ అంటే నాశనం చేయడమని లోకప్రసిద్ధి. దీని పూర్వీకురాలైన లాటిన్ క్రియకు కూడా తుడిచివేయడం, రూపుమాపడం అనే అర్థాలే ఉన్నాయి. అయితే మూలంలో ‘శాశ్వతంగా’ అనే మాట ఎందుకు పడింది? డిలీట్‌కు నాశనమే అర్థమైతే అది పునరుక్తి. కోడిని శాశ్వతంగా కొయ్యమంటారా అని ఏ దుకాణదారూ అడగడు. సూత్రంలో ఒక మాట వృథాగా కనిపిస్తే వ్యాకరణ వ్యాఖ్యాతలు దాన్ని తప్పుగా కొట్టెయ్యరు, అది చెప్పకనే ఏదో చెబుతోందని, జ్ఞాపకమని గ్రహిస్తారు. ఇక్కడ ‘శాశ్వతంగా’ చెప్పకనే చెబుతున్నది, డిలీట్‌కు సహజంగా శాశ్వతత్వం లేదని. మరి ఏమున్నది? లోపమున్నది. పాణిని లోపాన్ని నిర్వచిస్తూ నాశనమనలేదు, కనబడకపోవడమన్నాడు. ‘రాముడతడు’ అన్నప్పుడు ఉకారం కనబడదు. పదం విడదీస్తే వచ్చి కూర్చుంటుంది. డిలీట్ ధాతువు లోపార్థకమే కాని ధ్వంసార్థకం కాదన్నది మన సిద్ధాంతం.

దీనికి ప్రమాణాలు యంత్రాల చరిత్రలోనే ఉన్నాయి. 1963 నాటి ఆస్కీ సంకేతావళిలో డిలీట్ సంఖ్య 127, అంటే ఏడు బిట్లూ ఒకట్లే. కాగితపు టేపు మీద పడ్డ రంధ్రాన్ని పూడ్చలేం గనుక, తప్పు అక్షరం పడిన వరుసలో మిగిలిన రంధ్రాలు కూడా పొడిచేసేవారు. ఏడూ నిండిన వరుసను యంత్రం పట్టించుకోకుండా దాటిపోయేది. తుడవడం కాదు, నింపడమే డిలీట్! ఆ తరువాత డాస్ కాలంలో ఫైలును డిలీట్ చేస్తే, పట్టికలో దాని పేరులోని మొదటి అక్షరం స్థానంలో 229 అనే గుర్తు పడేది, దాని గదులు ఖాళీ అని రాసుకోవడం జరిగేది. లోపలి సరుకు మాత్రం వేరే ఫైలు వచ్చి కూర్చునేదాకా అక్కడే ఉండేది. 1991లో వచ్చిన డాస్ 5లో అన్‌డిలీట్ అనే ఆదేశం చేరింది. పోయిన ఆ మొదటి అక్షరమేదో చెప్పమని అది యజమానినే అడిగేది. ఇంతకన్నా నికార్సయిన అక్షరలోపం ఏ సంధి ప్రకరణంలో దొరుకుతుంది? యూనిక్స్ వారు మరింత నిజాయితీపరులు. ఫైలును తీసేసే వారి పిలుపు పేరు అన్‌లింక్, అంటే ముడి విప్పడం. పేరుకూ సరుకుకూ మధ్య ముడి విడుతుంది; అదే సరుకుకు మరో పేరు ముడిపడి ఉంటే అది చెక్కుచెదరదు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ఇప్పటి ఎస్ఎస్‌డీలలో ట్రిమ్ అనే ఆదేశం వెళ్లి, సరుకు నిజంగానే చెరిగిపోతుంది కదా అంటాడు. నిజమే. కాని ట్రిమ్ చెప్పేది ఈ గదులతో ఇక పని లేదని మాత్రమే; చెరపడం డ్రైవు తన వీలు చూసుకుని చేసుకుంటుంది. చీటీ ఇచ్చినవాడినీ ఇల్లు కూల్చినవాడినీ ఒకటిగా లెక్కించరాదు. నిజమైన ధ్వంసానికి ఆ వృత్తివారు వైప్, ష్రెడ్ అనే వేరే మాటలు పెట్టుకున్నారంటేనే డిలీట్ మీద వారికెంత నమ్మకమో తెలుస్తోంది. ఇక రెండో ఆక్షేపణ: శాస్త్రమెట్లున్నా, ‘ఫొటోలన్నీ డిలీట్ అయిపోయాయి’ అని ఏడ్చేవారి మనసులో ఉన్నది నాశనమే, వ్యుత్పత్తి కన్నా రూఢి బలీయం కదా అని. సమాధానం: అలా ఏడ్చినవారే మరుక్షణం సెల్‌ఫోన్ షాపుకు పరుగెత్తి రికవరీ అవుతుందా అని అడుగుతారు. పోయిందనుకున్నదాని కోసం ఎవరూ పరుగెత్తరు. పైగా మన వ్యవహారంలో ఈ ధాతువుకు రెండు అనుబంధ క్రియలున్నాయి. గొప్ప చెప్పుకోవాల్సి వస్తే ‘డిలీట్ చేశాను’, తప్పించుకోవాల్సి వస్తే ‘డిలీట్ అయిపోయింది’. రెండో ప్రయోగంలో ఫైలుకు ముందు కర్తే లోపిస్తాడు.

విశేషం: ప్రత్యయం లోపించినా దాని కార్యం ఆగదన్నది కూడా పాణిని మాటే. వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేసిన సందేశం చోటున, దాన్ని డిలీట్ చేశారనే మరో వాక్యం నిలబడుతుంది. ఉన్నప్పుడు ఎవరూ చదవని సందేశం పోయాక ఏమై ఉంటుందా అని అందరినీ నిద్రపోనివ్వదు. ఇంత వివాదమూ తెలుగు మెనూలలో ఒక్క మాటతో తీరింది. అక్కడ రాసేది ‘తొలగించు’. తొలగడమంటే పక్కకు జరగడం. అనువాదకుడు తెలిసి రాసినా, తెలియక రాసినా, మూలం కన్నా అనువాదమే సత్యానికి దగ్గరగా పడింది.

తాత్పర్యం: అయ్యా, దీన్ని తమ కంట పడకుండా పక్కకు జరిపి, దీని చోటు మరొకరికి ఇవ్వమంటారా అని యంత్రం అడుగుతున్నది. పాత కంప్యూటరు అమ్మేవారు ‘అవును’ నొక్కి నిశ్చింతగా నిద్రపోరాదని భావము.